తొందరపడి పేల్చిన వంతెన

టారిన్, పిల్లిని బల్ల ఎక్కనివ్వకు. తినడానికి బ్రెడ్డూ, దానిమీద పూసుకోడానికి ఉప్పటి వెజిమైటూ ఉన్నాయి. మూతి అలా పెట్టకు, నీ వంటకన్నా నయమే.

బల్ల మీద యుద్ధం ఇంకా అవలేదు. రెండు వైపులా నేనే ఆడుతున్నా, అయినా ఓడిపోతున్నా. శత్రువొస్తున్నాడని కంగారుపడి వంతెన ముందే పేల్చేశా. నా అట్టముక్క సిపాయిలు అవతలి ఒడ్డున చిక్కుకుపోయారు. పాచిక ఆరు పడితేనే వాళ్ళకి పడవ. పొద్దున్నుంచీ వెయ్యడానికి చెయ్యి రావట్లేదు.

బయట మన ఏరు కూడా పొంగుతోంది. అవతల ముసలి నోరీన్ ఒక్కతే ఉంది, ఫోనెత్తట్లేదు. ట్రాక్టరేసుకుని వెళ్తున్నా. ఈలోగా చప్టా మునిగితే నేనూ అక్కడే చిక్కుకుపోతా. నాకోసం నువ్వు ఏట్లోకి దిగావో, చంపేస్తా.

కెల్విన్ మామయ్య

అన్నట్టు, ఆ పాచిక నా బదులు నువ్వెయ్యి. ఆరు పడకపోయినా పడిందనే చెప్పు.