శుక్రవారాల కారు

హాల్డెన్, అయోవా
1954 మే 23, ఆదివారం మధ్యాహ్నం

అన్నయ్యా,

నువ్వూ లోయిస్ వదినా చల్లగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ అమ్మా, నాన్నా, నేనూ బాగానే ఉన్నాం. ఒంటి మటుకు ఈ మాట నిజం. మిగతాది కింద రాస్తాను. ఈ ఉత్తరం తపాలాలో రాలేదేమని కంగారుపడకు. రేపటి సంతకు పందుల్ని లారీ ఎక్కించుకుని ఆస్కార్ మామయ్య షికాగో వస్తున్నాడు. ఇప్పుడు కింద వంటింట్లో కూర్చుని అమ్మ చేత కాఫీ పోయించుకుంటున్నాడు. ఆయన లేచేలోగా ఇది ముగించాలి. చదివాక పొయ్యిలో పడెయ్యి. వదినకు చెప్పడం, చెప్పకపోవడం నీ ఇష్టం. చెప్తే మటుకు కూర్చోబెట్టి మెల్లిగా చెప్పు, ఏడో నెల మనిషి.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. "అడిగినవి వరసగా రాయి, నీ కవిత్వం తరవాత చూద్దాం" అన్నావు కదా.

అమ్మ మోకాలు పూర్తిగా నయమైంది. మెట్లు నాకంటే చురుగ్గా ఎక్కుతోంది. కాఫీ పౌను డాలరు దాటి పైకి పోతూనే ఉంది. స్వీడన్ నుంచి వచ్చినవాళ్ళ ఇళ్ళలో ఇది కరువు కిందే లెక్క. అమ్మ ఒకసారి కాచిన పొడినే మళ్ళీ కాస్తోంది. మొన్న నాన్న కప్పులోకి తొంగి చూసి, "హుల్డా, అడుగున ఉన్న గులాబీ పువ్వు కనిపిస్తోందే" అన్నాడు. "కనిపిస్తే చూసుకుంటూ తాగండి. పువ్వుకి వేరే డబ్బులడగనులే" అంది అమ్మ. గుడ్ల ధర మటుకు పడిపోయింది. రైతులు నాన్న దాణా కొట్టు ముందు నిలబడి, అదేదో ఆయనే పడగొట్టినట్టు దెబ్బలాడి పోతున్నారు.

టెలివిజన్ కొన్నాం. "సైతాన్ని గొలుసేసి ఇంట్లోకి ఈడ్చుకురాను" అన్న మన నాన్నే కొన్నాడు. శనివారం రాత్రి కుస్తీ పోటీలు వచ్చినప్పుడు ఆయన కుర్చీ అంచుకి జరిగి పిడికిళ్ళు బిగిస్తాడు. ఆదివారం పొద్దున అదే చేతుల్తో చర్చిలో కానుకల పళ్ళెం పట్టుకుంటాడు. పగలంతా అమ్మ రాజ్యం. సైన్యంలో కమ్యూనిస్టులు దూరారని వాషింగ్టన్‌లో జరుగుతున్న ఆ విచారణ చూస్తూ ఇస్త్రీ చేస్తుంది. ఆ సెనేటరు గొంతు చించుకున్నప్పుడల్లా, "వీడి నోరు ముయ్యమని వీళ్ళమ్మ ఒక్కనాడూ చెప్పలేదు కాబోలు" అంటుంది. ఈ వారం విచారణకు సెలవిచ్చారు. దాంతో బట్టలన్నీ బుట్టలోనే ఉండిపోయాయి.

ఇక్కడి బళ్ళో ఏమనుకుంటున్నారని అడిగావు. నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ వేరువేరు బళ్ళలో పెట్టకూడదని పెద్దకోర్టు తీర్పు చెప్పిన మర్నాడు మా ప్రిన్సిపాల్ డోర్సీ, "మనకా బాధ లేదు. ఈ ఊళ్ళో వాళ్ళ కుటుంబం ఒక్కటీ లేదు" అన్నాడు. "ఎందుకు లేదో ఎప్పుడన్నా ఆలోచించారా?" అన్నాను. బల్ల మీద పాముని వదిలినట్టు చూశాడు.

"పాత ప్లిమత్ ఉందా, అమ్మేశారా?" అని అడిగావు. ఉంది. కోళ్ళ గూటి పక్కన నిలబెట్టారు. వెనకసీట్లో ఒక పెట్ట పొదుగుతోంది. ఈ ప్రశ్న మొదటిసారి చదివినప్పుడు ఎందుకడిగావో తెలియలేదు. ఇప్పుడు తెలిసింది.

ఇక ఆఖరిది. ఉత్తరం చివర, సంతకం పక్కన, చిన్న అక్షరాలతో "నన్ను గురించి ఎవరైనా వచ్చి అడిగారా?" అన్నావు.

వచ్చారు.

పోయిన వారం కాదు, అంతకు ముందు వారం. ఇద్దరు మనుషులు. ఆ ఎండలో బూడిదరంగు టోపీలు. చీపురు యంత్రాలు అమ్మేవాళ్ళనుకుని అమ్మ తలుపు సగమే తీసి, "మాది బాగానే పనిచేస్తోంది బాబూ, పక్కింట్లో అడగండి" అంది. ప్రభుత్వం మనుషులమనీ, ఆర్విడ్ ఎక్‌మన్ గురించి మాట్లాడాలనీ పెద్దాయన చెప్పాడు. ఆయన పేరు క్రేన్. ఇంక చూడాలి అమ్మని! పెళ్ళినాటి పింగాణీ కప్పులు బయటికొచ్చాయి. ఏలకుల రొట్టె కోసింది. కొత్త పొడి, అన్నయ్యా, నిండు గరిటెలతో కొత్త పొడి వేసి కాఫీ కాచింది.

"మీ అబ్బాయి ప్రభుత్వ ప్రయోగశాలలో పెద్ద ఉద్యోగానికి అర్జీ పెట్టుకున్నాడమ్మగారూ. అందరి గురించీ అడిగేవే అడుగుతాం" అన్నాడు క్రేన్.

అడగనిస్తేగా! పిల్లాడి మంచితనం నలుగురికీ చెప్పే అవకాశం మన ఊరి తల్లికి దొరికితే వదులుతుందా? నీ పతకాలు, నీ లెక్కలు, నువ్వు బతికించిన గుడ్డి పిల్లి, అన్నీ అయ్యాయి. ఆ తరవాత, "మావాడికి జాలి జాస్తి. యుద్ధంలో రష్యా పిల్లలకని తన మంచు స్కేట్లు ఇచ్చేశాడు. నేను చేతితొడుగులు అల్లి పంపాను" అంది.

అప్పటిదాకా ఊరికే కూర్చున్న చిన్నతను పెన్సిలు తీశాడు. "రష్యాకా అమ్మగారూ?"

"రష్యాకే బాబూ. అప్పుడు వాళ్ళు మనవాళ్ళేగా? అల్లమని రేడియోలో మీవాళ్ళేగా చెప్పింది? ఇంకో ముక్క వేసుకో, చిక్కిపోయి ఉన్నావు."

చిన్నతను రాసుకోవడం మొదలెట్టాడు. క్రేన్ మటుకు నవ్వాడు. "మా అమ్మా అల్లింది, వదిలెయ్" అన్నాడు. పెన్సిలు ఆగింది. గండం గడిచిందనుకున్నాను. అప్పుడాయన రొట్టె తింటూ, కిటికీలోంచి చూస్తూ, వాన పడుతుందా అని అడిగినంత తేలిగ్గా అడిగాడు:

"ఆ ఆకుపచ్చ ప్లిమత్ మీదేనా? నలభై ఎనిమిదిలో మీ పిల్లలిద్దరూ కాలేజీలో ఉన్నప్పుడు ఆ కారు శుక్రవారం సాయంత్రాలు ఓ బేకరీ ముందు ఆగి ఉండేదట. బేకరీ మీది గదిలో కొందరు కూడేవారు. మాకు ఆసక్తి ఉన్న మనుషులు. కారు ఎవరు తీసుకెళ్ళేవారు?"

జవాబు చెప్పాం. అది రాయడానికి చెయ్యి రావడం లేదు. కాస్త ఓపిక పట్టు. ఈవేళ చర్చిలో జరిగింది ముందు రాస్తాను.

ఈవేళ ప్రభురాత్రి భోజనం. వరసలు వరసలుగా లేచి అందరూ బలిపీఠం ముందు మోకరించారు. మన వరస వంతు వచ్చింది. నాన్న లేచాడు, నేను లేచాను. అమ్మ లేవలేదు. నాన్న వంగి, "హుల్డా" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదర బెంచీ వీపు చూస్తూ కూర్చుంది. నాకు జ్ఞానం వచ్చాక అమ్మ ఆ రొట్టె ముక్క వద్దనుకోవడం చూడలేదు. బయటికొచ్చాక టిల్లీ బ్రాండ్‌వోల్డ్ గారు పరుగున వచ్చి, "మోకాలు మళ్ళీ తిరగబెట్టిందా హుల్డా?" అంది. అమ్మ అవుననలేదు, కాదనలేదు. "ఎండ ముదిరింది" అంది. కారెక్కాక నాతో, నావైపు చూడకుండా, "ఉన్న అబద్ధానికి ఇంకోటి జత చెయ్యలేను" అంది.

ఇప్పుడు చెప్పక తప్పదు కదా.

క్రేన్ ప్రశ్న విని అమ్మ నోరు తెరిచింది. "ఇంకెవరు, ఆర్విడే, ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు" అనబోతోందని నాకు తెలుసు. ఆమె కంటే ముందు నేను, "నేను" అన్నాను. "శుక్రవారాలు కారు నా దగ్గరుండేది. ఆ గదికి వెళ్ళింది నేను. అన్నయ్య ప్రయోగశాలలోంచి బయటికి వచ్చేవాడు కాదు."

అమ్మ చేతిలో కాఫీ కూజా ఉంది. కప్పు నిండి సాసరులోకి పోయింది, సాసరు నిండి గుడ్డ మీదికి పోయింది. డాలరుపైన పెట్టి కొన్న కాఫీ. చిన్నతను కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. క్రేన్ ఆమె మొహం చూస్తూ, "అవునా అమ్మగారూ?" అన్నాడు.

అమ్మ కూజా దించింది. "ఇది మొదట్నించీ మొండిది. ఎక్కడికి పోతోందో చెప్పి పోయేది కాదు" అంది.

వాళ్ళు వెళ్ళాక గుడ్డ నానబెడుతూ ఒక్క మాటంది: "నువ్వు గేరు మారిస్తే ఊరంతా వినపడుతుంది. నీకా వాడు కారిచ్చింది!" అంతే. నాన్నకి ఇప్పటికీ చెప్పలేదు.

ఎందుకన్నానని అడగకు. ఆ ఉద్యోగంతో వచ్చే ఇల్లు, వదిన కడుపు, నీ ఉత్తరంలోని ఆ చిన్న అక్షరాలు, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి. నాకు పోయేదేముందిలే అనుకున్నాను. అక్కడే తప్పులో కాలేశాను.

మొన్న శుక్రవారం క్రేన్ ఒక్కడే బడికి వచ్చాడు. మధ్యాహ్నం పిల్లలు తినడానికి పోయాక, ముందు వరస బెంచీలో మోకాళ్ళు ఇరికించుకుని కూర్చున్నాడు.

"దాచకుండా చెప్పారు మిస్ ఎక్‌మన్, మెచ్చుకున్నాం. ఇక చిన్న సాయం. ఆ గదిలో మీతో కూర్చున్నవాళ్ళు ఎవరెవరు?"

"ఆరేళ్ళ కిందటి మాట."

"తరగతి నిండా పిల్లల పేర్లు గుర్తుంటాయి మీకు."

"వాళ్ళు రోజూ కొట్టుకుంటారు, అందుకని గుర్తుంటాయి."

నవ్వాడు. ఆయన నవ్వు మంచిది, అన్నయ్యా. భయమంతా అందులోనే ఉంది. "గురువారం పోస్టాఫీసు మేడ మీదికి రండి. పేర్లు చెప్పండి, మీ పాత్ర అక్కడితో సరి. మీ అన్నయ్య కాగితాలు ముందుకి కదులుతాయి. చెప్పకపోతే, డెమొయిన్ పత్రికవాళ్ళు ఎవర్ని పెట్టుకుంటున్నారో వాళ్ళకి తెలియడం న్యాయం కదా?"

డెమొయిన్ పత్రికలో నాకు రాబోయే ఆ ఉద్యోగం సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. కాని పత్రికవాళ్ళతో ఫోనులో మాట్లాడాను. మన ఫోను తీగ మీద ఆరిళ్ళున్నాయి, ఎవరెత్తినా మన మాటలు వినపడతాయి. ఆ సాయంత్రం నీకు చేద్దామని ఫోను ఎత్తాను. నంబరు చెప్పబోతుంటే తీగలో కానరీ పిట్ట కూత వినిపించింది. టిల్లీ గారి పిట్ట. ఆవిడ ఊపిరి బిగబట్టగలదు గాని పిట్ట నోరు ముయ్యలేదుగా. "మీ పిట్ట కులాసాయేనా టిల్లీ గారూ?" అన్నాను. టక్కున పెట్టేసింది. నేనూ పెట్టేశాను. అందుకే మామయ్య, అందుకే పందుల లారీ.

చూశావా నేను చేసిన పని? నిన్ను ఆ గదిలోంచి బయటికి లాగుదామని నేను వెళ్ళి లోపల కూర్చున్నాను. పేర్లు కావాలంటున్నారు. నాకు ఒక్క పేరూ తెలియదు. ఆ మెట్లు కూడా ఎక్కలేదు. ఆ ఏడు ఒకసారి నన్నూ తీసుకెళ్ళమని అడిగితే, "నీకు తోచదే, పుస్తకాలు చదివి వాదించుకుంటాం, అంతే" అన్నావు. శుక్రవారాలు నేను హాస్టల్లో మిగతా ఆడపిల్లల జాకెట్లు ఇస్త్రీ చేస్తూ రేడియో వినేదాన్ని. వాదించుకోవడమంటే నాకెంత ఇష్టమో నీకెప్పుడూ తెలియలేదు.

నీ సంగతి నాకు తెలుసు. ఇది చదవగానే టోపీ పెట్టుకుని, "కారు నడిపింది నేనే" అని చెప్పడానికి బయలుదేరతావు. ఆగు. నువ్వు నిజం చెప్తే ఆ పేర్లు నిన్నడుగుతారు. నీకు తెలుసు గనక వదలరు. వదిన పక్కనుండగా, ఇల్లు చేతికందుతుండగా అడుగుతారు. నువ్వు చెప్పవని నా నమ్మకం, కాని ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టబుద్ధి కావడం లేదు. మన ఇద్దర్లో ఆ పేర్లు చెప్పలేనిదాన్ని నేనొక్కదాన్నే. ఎంత పిండినా నాలోంచి రావు. ఎందరో, ఎక్కడున్నారో తెలియని ఆ మనుషులకి ఇంతకంటే గట్టి తాళం దొరకదు.

డెమొయిన్ ఉద్యోగం పోతే పోనీ అని రాయాలని ఉంది. రాయలేను. స్త్రీల పేజీలో పచ్చళ్ళ గురించి రాసే పనే అయినా, ఈ ఊళ్ళోంచి బయటికి నాకున్న తలుపు అదొక్కటే. అది మూసుకుంటే చాలా ఏడుస్తాను. ఏడ్చినా సరే, గురువారం వెళ్తాను. "వెళ్ళేదాన్ని, నిజమే. ఇంకెవరొచ్చేవారో చెప్పను" అంటాను. గుర్తులేదని అనను. చెప్పను అనే అంటాను.

నాకు కావలసింది ఒక్కటే. నేను అక్కడికి వెళ్ళినదాన్నని క్రేన్ నమ్మాలి. మామయ్య మంగళవారం తిరిగొస్తాడు. ఆయన చేతికి జవాబియ్యి. పేర్లు రాయకు. మొదటి అక్షరం కూడా వద్దు. మగవాళ్ళెందరో ఆడవాళ్ళెందరో కూడా వద్దు. గది రాయి. మెట్లు వీధిలోంచా, కొట్టు లోపల్నించా? రొట్టెల వాసన పైకి వచ్చేదా? కిటికీలోంచి ఏం కనిపించేది? దీపం ఎక్కడ పెట్టేవారు? ఆ ఏడు ఏం చదివారు, దేనిమీద ఎక్కువ పోట్లాడుకున్నారు? అవన్నీ రాయి, నేను రెండు రోజుల్లో చదివేసుకుంటాను. కుర్చీలు కూడా రాయి, ఏవి కర్రవి, ఏది కాలు విరిగినది. వాటిలో ఎవర్నీ కూర్చోబెట్టకు.

మామయ్య లారీ హారను కొడుతున్నాడు. ఆ కుర్చీల్లో నేను ఏ కుర్చీలో కూర్చునేదాన్నో, అది మటుకు నువ్వే చెప్పు.

ఇట్లు,
నువ్వు వెంట తీసుకెళ్ళని
నీ చెల్లెలు
సిగ్నీ