అశోక్‌నగర్ బాణాలు, చిక్కడపల్లి విల్లు

నా భార్య కమలకు, కుమారుడు చిరంజీవి నవీన్‌కు, తమ్ముడు కిషన్ రావుకు, తమ్ముడి కూతురు చిరంజీవి సంజనకు, ఈ వీలునామాను అమలు జరపవలసిన నా పూర్వవిద్యార్థి, బషీర్‌బాగ్ వకీలు ఉమాకాంత్‌కు, వారి వారి వయసులను బట్టి నమస్కారాలు, ఆశీస్సులు. ఊరూ తేదీ పైన వేయలేదు. అవి సంతకం పక్కన ఉండవలసినవి.

పోల్కంపల్లి నరహరి రావు అను నేను, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుణ్ణి, చిక్కడపల్లి వాస్తవ్యుణ్ణి, పూర్తి స్పృహతో, నిలకడగల బుద్ధితో, ఎవరి ఒత్తిడీ ప్రలోభమూ లేకుండా ఈ పత్రం రాస్తున్నాను. నా బుద్ధి నిలకడ మీద ఎవరికైనా అనుమానముంటే, ఇందులో ఒక్క అన్వయదోషం చూపించి ఆ తరువాత మాట్లాడవలెను. దీనికి ముందు రాసిన వీలునామా రద్దయినది. దాన్ని ఉమాకాంత్ రాశాడు. ‘ఆస్తి’కి ఒత్తు తగిలించే అలవాటు తొమ్మిదో తరగతి నుంచీ అతనికి పోలేదు. అందుచేత ఈసారి నేనే రాస్తున్నాను.

1. చిక్కడపల్లిలోని నా స్వార్జిత గృహం నా తదనంతరం నా భార్య కమలకు, ఆమె తదనంతరం నవీన్‌కు సర్వహక్కులతో చెందవలెను. కమల జీవించి ఉన్నంతకాలం మేడ మీది మొక్కల తొట్లను ఎవరూ కదపరాదు. అద్దెకు ఇచ్చే ఆలోచన ఉంటే ఆమె నోటి వెంట రావలెను, ఆమె పేరు మీదుగా మరొకరి నోటి వెంట రాకూడదు.

2. నా నిఘంటువులు, వ్యాకరణ గ్రంథాలు నారాయణగూడలో నేను పనిచేసిన బడి గ్రంథాలయానికి. అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసేటట్లయితే ఇవ్వనవసరం లేదు.

3. నా చేతి గడియారం నవీన్‌కు. అది నిమిషం కూడా తప్పదు. కవాడిగూడ నుంచి మా ఇంటికి “పది నిమిషాల్ల వస్తున్న నాన్నా” అని చెప్పి మధ్యాహ్నానికి చేరే అలవాటు దీనితోనైనా మారునని ఆశ.

4. ఇక విల్లు. ఈ అంశం పొడవైనది. తొందరపడేవారు తొందరను చెప్పులతోపాటు బయట విడిచి రావలెను.

మా నాన్నగారు అమ్రాబాద్ అడవిలో ఉద్యోగం చేసిన కాలంలో, వేటకు అనుమతి ఉన్న రోజుల్లో, వాడిన వెదురు విల్లు ఇది. ఆయన పోయాక మా మేనమామ ఇల్లూ పొలమూ పంచి, చివరికి విల్లును నాకు, దాని బాణాలను తమ్ముడికి ఇచ్చి, సమానంగా పంచానన్న తృప్తితో భోజనానికి లేచాడు. ఆ పూటే కిషన్ రావు, “విల్లు నీ దగ్గర్నే ఉండనీ అన్నా, బాణాలు లేంది అదొక ఉత్త కట్టె” అన్నాడు. “విల్లు లేని బాణాలు చీపురుపుల్లలు” అన్నాను నేను. రెండు వాక్యాలూ వ్యాకరణరీత్యా నిర్దుష్టమైనవే. ఆ తరువాత మేమిద్దరం మాట్లాడుకోలేదు.

వాడు ఆ బాణాల కోసం వేరే విల్లు కొన్నాడు. నేను ఈ విల్లు కోసం వేరే బాణాలు చేసుకున్నాను. చేసుకుంటే చాలదు, పొంతన కుదర్చాలి. ఈ ఇంట్లో దాన్ని నేర్చినవాణ్ణి నేనొక్కణ్ణే గనుక రాసి పెడుతున్నాను. అల్లెతాడును మెలితిప్పుతూ పోవాలి. విల్లు పిడికీ తాడుకీ మధ్య పిడికిలి, దాని మీద ఎత్తిన బొటనవేలు పట్టేంత ఎడం వచ్చాక ఆపాలి. బాణం తగిలించే చోటు ప్రతిసారీ ఒకటే కావాలి. దానికి కమల ఇచ్చిన ఎర్ర పట్టుదారం చుట్టాను. అన్నిటికంటే ముఖ్యమైనది బాణం పుల్ల బిగువు. వదిలిన బాణం తిన్నగా పోదు. చేపలా ఒళ్లు వంచి, పిడిని తప్పుకొని, అప్పుడు నిటారవుతుంది. పుల్ల మరీ బిగువైతే ఎడమకు, మరీ మెత్తనైతే కుడికి పోతుంది. నా వెదురు పుల్లలు మెత్తనివి. అందుచేత పిడి పక్కన తోలు రెండు చుట్లు చుట్టి, బాణాన్ని కాస్త బయటికి జరిపాను. చట్రానికి బిగించిన పాత దినపత్రిక గుండా వదిలితే నా బాణం ఒక గుండ్రని రంధ్రం, దాని చుట్టూ మూడు ఈకల గీతలు మాత్రమే విడిచి, వెనకున్న గడ్డి గోనెలో దిగుతుంది. ఇంతకంటే శుభ్రమైన పని ఈ పేటలో ఎవరైనా చేయగలిగితే వచ్చి చూపవచ్చు.

ఆయుధపూజకు విల్లూ బాణాలూ ఒక్క పీట మీద ఉండాలని కమల పట్టు. కనుక ఏటా దసరాకు సంజన అశోక్‌నగర్ నుంచి స్కూటర్ మీద నాన్నగారి బాణాలు తెస్తుంది. కుంకుమ పెట్టించుకొని అవి సాయంత్రానికి తిరిగి వెళ్లిపోతాయి. ఈ ఇంట్లో వాటిని ఎవరూ సంధించలేదు. ఈ దసరాకు మాత్రం ఆ పిల్ల, “పెద్దనాన్నా, ఒక్కటి ఇడుస్త, జర అడ్డం చెప్పకు” అంటూనే మేడ మెట్లెక్కింది. నాన్నగారి బాణం ఎడమకు కొట్టుకొని, కాగితాన్ని జానెడు అడ్డంగా చీల్చింది. “తాతయ్య బాణాలు ఖరాబైనయా, నీ తోలు ఖరాబా?” అని అడిగింది. అరచేతి మీద దొర్లించి చూశాను. బాణం వంకర లేదు. తోలు విప్పాము. రెండోసారి గుండ్రని రంధ్రం, మూడు గీతలు. ఆ వెంటనే నా బాణం వదిలాను. అది కుడికి పోయింది.

ఇందులో నా పని తప్పు కాదు, నాన్నగారి బాణాలదీ తప్పు కాదు. ఆయన బిగువు పుల్లలకు, నా మెత్తని పుల్లలకు ఈ విల్లుతో ఒకేసారి పొంతన కుదరదు. ఏదో ఒకటి ఎంచుకోవాలి. నేను ఎంచుకున్నాను. ఆ సాయంత్రమే తోలు తిరిగి చుట్టాను. బతికినంతకాలం నా బాణాలే వేస్తాను. అది నా హక్కు. ఈ సంగతి నేనుండగా కిషన్ రావుకు చెప్పబోను. అదీ నా హక్కే.

నా తదనంతరం ఈ విల్లు సంజనకు సర్వహక్కులతో చెందవలెను. దాని బాణాలు ఆమె ఇంట్లో ఉన్నాయి. ఒక్క షరతు: పిడి మీది తోలును ఆమె విప్పరాదు, ఆమె తండ్రి కిషన్ రావు తన చేతులతో విప్పవలెను. విప్పి, నాన్నగారి బాణం ఒకటి తానే వేయవలెను. వాడు విప్పనంటే విల్లు నవీన్‌కు పోతుంది. నవీన్ దాన్ని ఏం చేస్తాడో అందరికీ తెలుసు. “హాల్ల గోడకు పెడితే కిరాక్ ఉంటది నాన్నా” అని ఎన్నోసార్లు అన్నాడు. నాన్నగారి విల్లు టీవీ పైన మేకుకు వేలాడటం కిషన్ రావు ఒక్క రోజు కూడా ఓర్చుకోలేడు. వాడు పుట్టిన నాటి నుంచి నేను వాణ్ణి ఎరుగుదును. తోలు విప్పుతాడు.

5. నేను చేసిన బాణాలు ఆ తరువాత ఈ విల్లుకు పనికిరావు. వాటిని కమల తన కాకర తీగకు ఊతంగా పాతుకోవచ్చు. మొనలు ముందే తీసివేయవలెను. నిటారుగా ఉంటాయని నా హామీ. “మన ఇంటికొచ్చినోళ్లు ఇది వేటగాళ్ల కొంప అనుకుంటరు” అని ఇన్నేళ్లూ అన్న మనిషి, ఏ రోజూ నన్ను మేడ మీద ఒంటరిగా వదలలేదు. కాయలు కాసినప్పుడు అశోక్‌నగర్‌కు కూడా పంపవలెను. కిషన్ రావుకు కాకర వేపుడు ఇష్టం.

6. ఈ పత్రాన్ని ఎవరికి వారు తీసుకొని మనసులో చదువుకొనుటకు వీల్లేదు. ఉమాకాంత్ అందరినీ కూర్చోబెట్టి, కిషన్ రావుకు ఎడమ పక్కన తాను కూర్చోవలెను. వాడికి కుడి చెవి మందగించింది. ఎవరితోనూ చెప్పలేదు గానీ, నారాయణగూడ మార్కెట్‌లో ధర అడిగిన ప్రతిసారీ ఎడమ చెవి తిప్పడం అవతలి వరుసలో నిలబడి నేను చూస్తూనే ఉన్నాను. నాలుగో అంశాన్ని నిదానంగా, గట్టిగా, వాడు తల ఊపేదాకా మళ్లీ మళ్లీ చదివి వినిపించవలసినదిగా కోరుతున్నాను.

చిక్కడపల్లి, హైదరాబాద్
2025 అక్టోబరు 5, ఆదివారం

(సంతకం) పోల్కంపల్లి నరహరి రావు

సాక్షులు:
ఎంకయ్య, విశ్రాంత గణితోపాధ్యాయుడు, అడిక్‌మెట్
మనీష, పక్కింటి వాస్తవ్యురాలు, చిక్కడపల్లి