నాన్న చెక్కిన తలుపు

కొంబో,

నాన్న గడియ తియ్యక ఇది మూడో రోజు. అమ్మను మట్టిచేసి వచ్చి లోపల కూర్చున్నారు. తలుపు మాత్రం పగలగొట్టకు. పెళ్లికి ముందు అమ్మ కోసం ఆయన ఏడాదిపాటు చెక్కిన తలుపు అది. జాంజిబార్ అంతా గాలించినా అలాంటిది దొరకదు. రంపపు బద్దను రెక్కల సందులో దూర్చి, గడియను నెమ్మదిగా పైకి లేపు. నాకు చాతకాలేదు.

పొద్దున పిలిస్తే, "మీ అమ్మ పడుకుంది, గోల చెయ్యకే" అన్నారు. ఆ తర్వాత దగ్గు తప్ప మాట లేదు.

ఆ గడియ బిగించిన మకామే మేస్త్రీ కోసం బుబుబు ఊరికి వెళ్తున్నాను. నీకెన్నిసార్లు ఫోన్ చేశానో చూసుకో. అన్నీ నా నెత్తినే. గడప దగ్గర అల్లం కాఫీ పెట్టాను, ఆయనకి వాసనైనా తగలనీ.

అక్క జువేనా

ఇంకొకటి. నువ్వొచ్చేసరికి ఆ దగ్గు కూడా వినపడకపోతే, చెక్కడాల సంగతి మరిచిపో. గొడ్డలి మెట్ల కింద పెట్టాను.