లీడర్ సాబ్ అసలు పేరు

1978, శ్రావణ మాసం, ఆదివారం రాత్రి
స్టేషన్ ఘన్‌పూర్

మధ్యాహ్నం బడి పంతులు వచ్చాడు. మన ఊరి చరిత్ర రాస్తున్నాడట.

"అరవై తొమ్మిదిల తెలంగాణ కోసం రైలు పట్టాల మీద కూసున్నోళ్ల ముచ్చట రాస్తున్న అవ్వా. అందరు లీడర్ సాబ్, లీడర్ సాబ్ అంటున్నరు. ఆయన అసలు పేరేంది?"

నాకు నవ్వొచ్చింది. పెనిమిటి పేరు నోటితో ఎట్లా చెప్పను?

"నన్నడుగుతవేంది బిడ్డా? ఊరోళ్లను అడుగు" అన్నాను.

"అడిగిన అవ్వా. ఎవ్వరికి యాదికి లేదు."

నవ్వు ఆగిపోయింది. ఆయనను జైలుకు తీసుకుపోయిన నాడు స్టేషన్ నిండా జనమే. ఆయన చనిపోయి ఇంకా నాలుగేళ్లు కూడా కాలేదు. అప్పుడే మర్చిపోయారా?

పిల్లలున్న ఆడవాళ్లు 'మా పిల్లగాని నాయిన' అంటూ కొడుకు పేరు చెప్పి గడుపుకుంటారు. నాకు ఆ దారి కూడా లేదు. చివరికి పంతులు చేతిలో కాగితం తీసుకుని రాసిచ్చాను. అతను పైకి చదివాడు. మా అత్తమ్మ పోయాక ఆ పేరు ఈ ఇంట్లో వినబడడం ఇదే మొదలు. నాకు తెలియకుండానే కొంగు తల మీదికి లాక్కున్నాను.

ఆ కాగితం ఎక్కడన్నా పడేసుకుంటే? నేను కూడా పోయాక ఎవరిని అడుగుతాడు?

ఇందాక తలుపు గడియ పెట్టి, ఎవరూ వినకుండా ఒక్కసారి ఆ పేరు పలికి చూశాను. ఊరికే చెబుదామనుకుంటే పిలిచినట్టయింది. పిలిచాక గడియ పెట్టి ఉంచడానికి మనసొప్పలేదు.

లేచి తీసి వచ్చాను.