తోతాపురికి పుట్టుమచ్చ

తిరుపతి,
10 జులై 2025

భువనక్కకు,

పెద్దదానివి గనుక ముందు నమస్కారం. తగవు ఆ తర్వాత.

కన్న నాయన్నే మామిడికాయను జేసి ఊరంతా నగేట్టు చేసినావే, సిగ్గు లేదా నీకు అని అడిగి ఫోన్ పెట్టేశావు. అమ్మదీ అదే మాట. ఈ ఇంట్లో నా మాటే ఎవరికీ అర్థం కాదు, ఇక బొమ్మేం అర్థమవుతుంది!

అది నాయన కాదే. మన లీడరు ధనంజయ సారు. మామిడికి మంచి ధర ఇప్పిస్తానని బంగారుపాళ్యంలో మైకు పట్టుకుని, కాయ కోతకొచ్చేసరికి గుజ్జు ఫ్యాక్టరీ వాళ్ల సోఫాలో తేలిన పెద్దమనిషి. ఫ్రాన్సులో ఒకప్పుడు రాజును పియర్ పండుగా గీసి, అచ్చేసి అమ్మారని క్లాసులో చెప్పారు. గీసినవాళ్లు జైలుకూ పోయారట. పియర్ అంటే అడుగు లావుగా ఉండే జామకాయ అనుకో. మనకు తోతాపురి మామిడి ఉంది కదా, ముక్కుతో సహా! అచ్చేయడానికి చెక్క మీద సారును తోతాపురిగా చెక్కాను. మీసం, కుడి బుగ్గన పుట్టుమచ్చ.

అచ్చేస్తే, చెక్క మీద కుడివైపున్నది కాగితం మీద ఎడమకు పడుతుంది. తిప్పి చెక్కాలి. తొందరలో మరిచాను. మచ్చ ఎడమ బుగ్గకు పోయింది, నాయన మచ్చ ఉండేచోటికే. మీసాలు ఇద్దరివీ ఒకటే తీరు.

కాలేజీ ప్రదర్శనలో సారు మనుషులు దాన్ని ఫోటో తీసి, తోతాపురి గంగులప్ప అని గ్రూపుల్లో పెట్టారు. వాళ్లకు నాయన పేరు ఎలా తట్టిందో.

ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్ల వరసలో, ఏమప్పా తోతాపురీ, నీ కాయ ఇంకా దిగలేదా అంటున్నారట. నాయనేమో, నా బిడ్డ గీసింది లేప్పా, బాగుండాది కదా అన్నాడట. అమ్మ ఆ మాట చెప్పినప్పటి నుంచీ నాకు ముద్ద దిగడం లేదు.

నీ చెల్లెలు,
పవిత్ర

తా.క.: వాళ్లకు తట్టలేదక్కా. ఎవురు పాపా ఇది, మా సారు మాదిరి ఉండాడే అని ఒకడు అడిగాడు. వాడి గొంతులో నవ్వు లేదు. మా నాయనే అన్నా, పేరు గంగులప్ప అన్నాను. నమ్మలేదని ఫోన్‌లో నాయన ఫోటో తీసి చూపించాను. అప్పుడు నవ్వారు. వాళ్లతో పాటు నేనూ నవ్వాను.

కొత్త చెక్క మొదలుపెట్టాను. ఈసారి మచ్చ కుడి బుగ్గకే పడుతుంది. కింద ధనంజయ సారు పేరు, గీసిన నా పేరు కూడా తిప్పి చెక్కాను. అచ్చు తీసి శనివారం ఫ్యాక్టరీ గేటుకు నేనే అంటిస్తాను.