మాఫ్ చేశాక కేసు పెట్టొచ్చా

సుగుణా, మనం క్షమించినవాళ్ల మీద కేసు పెట్టొచ్చా? నువ్వు పోయి నేటికి ఏడాది. ఇంకెవరిని అడగను?

మన మనవరాలు స్టెల్లా ఫోటోను క్లాసు పిల్లలు వికారంగా మార్చి గ్రూపులో పెట్టారు. అది బడి మానేసింది. నాచారంలో మన ఇంటి ప్రార్థనలో దాన్ని నిలబెట్టి, అందరి ముందూ "క్షమించాను" అనిపించాను. ఇవాళ పొద్దున్నే గ్రూపులో ఇంకో ఫోటో వచ్చింది.

ఎన్నిసార్లయినా క్షమించమన్న ప్రభువే, చిన్నవాళ్లను చెరిపేవాడి మెడకు తిరుగటిరాయి కట్టి సముద్రంలో ముంచడమే మేలన్నాడు. ఆ చేసినవాళ్లూ చిన్నవాళ్లే. ఎటు తిరిగినా వాక్యమే అడ్డొస్తోంది.

స్టెల్లా నీ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

"తాతా, నేను మాఫ్ జేసిన. వాళ్లు బంద్ జేస్తలేరు గదా. సాక్ష్యం కావాలంటరని ఫోటోలు డిలీట్ జెయ్యలే. పా, పోలీస్ స్టేషన్‌కు ఇయ్యాల్నే పోదాం."