పందెం కారు గేరుబాక్సు

శనివారం, 1974

అల్లుడి టాక్సీకి మద్రాసు పందెం కారు గేరుబాక్సు బిగించింది నేనే. ఇరవై ఏళ్లు చూసుకోనక్కర్లేదని పటమటంతా చెప్పాను. "పందెపు ఎద్దును బండికి కడతారా ఎవరైనా?" అంది మా ఆవిడ. కసిరాను.

ఏడాది కాలేదు. ఇవాళ విప్పితే గేర్ల పళ్లు చిట్లి ఉన్నాయి, నూనెలో ఇనప రజను. పందెంవాళ్లు ప్రతి పందేనికీ విప్పి పళ్లు మారుస్తారట. బిగించినప్పుడు అది నాకు తెలియదు. మళ్లీ మూసేశాను.

"బానే ఉందా మావయ్యా? పొద్దున్నే చల్లపల్లి పెళ్లివాళ్లని తీసుకెళ్లాలి" అన్నాడు అల్లుడు.

"నేను బిగించింది బాగోకుండా ఉంటదా" అన్నాను.

చల్లపల్లి దారిలో కాలవ కట్ట మీద గేరు పట్టేస్తే బండి నీళ్లలోకే. రాత్రి అల్లుణ్ణి లేపుదామని రెండుసార్లు తలుపు దాకా వెళ్లి వచ్చాను. టాక్సీ తాళంచెవి నా దిండు కింద దాచాను. తెల్లారి వెతుక్కుంటూ వస్తాడు. అప్పుడైనా నోరు పెగులుద్దో లేదో.